తిరిగొచ్చిన కవరు

నేను పదవీ విరమణ చేసిన రోజున మాట్లాడినవాళ్లందరూ తలా ఒక రకంగా ఒకే మాట చెప్పారు. ఈయన చేతిలో ఇన్నేళ్లలో ఒక్క కాగితం కూడా పోలేదని. అది నిజమే. చప్పట్లు కొట్టారు, నేనూ నమస్కారం పెట్టాను. కాగితాన్ని భద్రంగా దాచడం కూడా ఒక్కోసారి తప్పవుతుందని ఆ సభలో చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. ఇప్పుడు కొత్తగా బల్ల ముందు కూర్చుంటున్న పిల్లలకు పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

నేను బాపట్ల వైపు వాణ్ణి. సివిల్స్ రాద్దామని ఢిల్లీ వచ్చి కరోల్ బాగ్‌లో ఇంకో ఇద్దరితో కలిసి గది తీసుకున్నాను. మూడుసార్లు రాశాను. మూడుసార్లూ మొదటి మెట్టు మీదే జారాను. ఊరికి తిరిగి వెళ్లి ముఖం చూపించలేక, పేపర్లో ప్రకటన చూసి, ఢిల్లీ సరిహద్దు దాటగానే ఉండే ఒక మానసిక ఆసుపత్రిలో రికార్డు క్లర్కుగా చేరాను. ఒక ట్రస్టు నడిపేది దాన్ని. నేను రిటైరైన రెండేళ్లకు మూసేశారు. ఇప్పుడు అక్కడ ఫ్లాట్లు లేచాయి.

ఆ ఆసుపత్రికి మామూలు రోగులతో పాటు కోర్టులు పంపేవాళ్లు కూడా కొందరు వచ్చేవారు. నేరం మోపిన మనిషికి మతి స్థిమితం లేదని కోర్టుకు అనిపిస్తే విచారణ ఆపి చికిత్సకు పంపిస్తుంది. ఆరు నెలలకోసారి మేం జవాబు రాయాలి. ఈ మనిషి తన కేసేమిటో అర్థం చేసుకుని, తన మాట తాను చెప్పుకోగలడా లేదా అని. చెప్పుకోగలడంటే విచారణ మళ్లీ మొదలవుతుంది. చెప్పుకోలేడంటే ఇంకో ఆరు నెలలు ఇక్కడే. ఉత్తరం టైపు చేయడం, డాక్టరు సంతకం తీసుకోవడం, పోస్టు చేయించడం, నకలు ఫైల్లో పెట్టడం నా పని.

నేను చెప్పబోయే మనిషి బోర్డులు రాసే పెయింటరు. దుకాణాల పేర్లు, బండ్ల నంబరు ప్లేట్లు రాసేవాడు. జబ్బు ముదిరిన రోజుల్లో ఒక సాయంత్రం వీధిలో తాళంచెవి తీయకుండా వదిలిన స్కూటరు తనదే అనుకుని ఎక్కి, మూడు వీధుల అవతల ఆపి, దాని పక్కనే కూర్చున్నాడు. పోలీసులు పట్టుకునేసరికి అక్కడే ఉన్నాడు. దొంగతనం కేసు. నేరం రుజువైనా మూడేళ్లకు మించి శిక్ష పడదు. అతను మా దగ్గర తొమ్మిదేళ్లున్నాడు.

మొదటి రెండేళ్లు నిజంగానే బాగా లేడు. గోడతో మాట్లాడేవాడు. తర్వాత మందులు పట్టాయి. నాలుగో ఏడు వచ్చేసరికి ఆసుపత్రిలో బోర్డులన్నీ అతనే రాస్తున్నాడు. మా గది తలుపు మీద రాయాల్సిన మాటను నేను హిందీలో ఒక చీటీ మీద రాసిస్తే, చదివి, కుంచె పక్కన పెట్టి, "బాబూజీ, ఇక్కడ దీర్ఘం ఉండాలి" అన్నాడు. నిజమే, తప్పు రాశాను. దిద్దుకుని రాసి వెళ్లాడు. తన కేసు తనకు అర్థం కాదని నేను ఆరు నెలలకోసారి టైపు చేస్తున్న మనిషి నా హిందీ దిద్దాడు. ఆ వింత నాకు ఆ రోజు తట్టలేదు. బోర్డు బాగుందనుకున్నాను, అంతే.

అతనికి ఒక అక్క ఉండేది. ఏదో బడిలో ఆయాగా పనిచేసేది. రెండు నెలలకోసారి రెండు బస్సులు మారి వచ్చేది. తమ్ముణ్ణి చూసి వెళ్లేముందు మా కిటికీ దగ్గర ఆగి, చున్నీ కొంగు సర్దుకుని, ఒకే ప్రశ్న అడిగేది.

"బాబూజీ, కోర్టు నుంచి ఏమైనా వచ్చిందా?"

"రాలేదు."

"అచ్ఛా."

తొమ్మిదేళ్లలో ఈ సంభాషణ ఎన్నిసార్లు జరిగిందో లెక్కేస్తే నాకే భయం వేస్తుంది. నేను ఒక్కసారి కూడా కుర్చీలోంచి లేచి ఫైలు చూసి జవాబు చెప్పలేదు.

ఇక అసలు జరిగింది ఇది. అతను వచ్చిన అయిదో ఏట మా పెద్ద డాక్టరమ్మ అతన్ని మూడు రోజులు వరసగా కూర్చోబెట్టి మాట్లాడి, కోర్టుకు స్వయంగా ఉత్తరం రాసింది. ఇతను కోలుకున్నాడు, కేసు అర్థమవుతోంది, తన తరఫున తాను మాట్లాడగలడు, ఇక్కడ ఉంచాల్సిన అవసరం లేదు అని. నేనే పోస్టు చేయించాను. మూడు వారాలకు కవరు తిరిగొచ్చింది. ఆ కోర్టును ఊరికి ఇంకో మూలన కట్టిన కొత్త భవనానికి మార్చారట. పోస్టల్ ముద్ర పక్కన ఎర్ర సిరాతో 'కోర్టు మారినది, వాపసు' అని రాసి ఉంది. డాక్టరమ్మ అప్పటికే పదవీ విరమణ చేసి తన ఊరు వెళ్లిపోయింది. కొత్త చిరునామా కనుక్కుని మళ్లీ పంపించాలని నాకు తెలుసు. ఆ వారం ఆడిట్ వాళ్లు వస్తున్నారు. కవరుకు పంచింగ్ మిషనుతో రెండు చిల్లులు చేసి, ఫైల్లో కట్టి, లోపల పెట్టాను. రేపు చూద్దామనుకున్నాను.

రెండు నెలల తర్వాత కొత్త భవనం నుంచి కోర్టు గుమాస్తా గుర్తు చేస్తూ ఉత్తరం పంపాడు. ఆరు నెలల నివేదిక అందలేదు, వెంటనే పంపండి అని. నేను అలవాటుగా పాత నమూనా తీశాను. 'చికిత్సలో ఉన్నాడు, మార్పు లేదు.' తేదీ మార్చాను. కొత్తగా చేరిన డాక్టరు బల్ల మీద ఇరవై కాగితాల మధ్య పెడితే సంతకం చేశాడు. అది సరైన చిరునామాకు వెళ్లింది, సరిగ్గా చేరింది. నిజం తిరిగొచ్చింది, అబద్ధం చేరింది. ఆ తర్వాత నాలుగేళ్లు ఆ అబద్ధమే ఆరు నెలలకోసారి వెళ్లింది. ఎవరికీ చెడు చేయాలని లేదు. నాకు అసలే లేదు.

మెట్రో మా వైపు ఇంకా రాని రోజుల్లో వరంగల్ వైపు నుంచి ఒక అమ్మాయి మా దగ్గర సోషల్ వర్కరుగా కాంట్రాక్టు మీద చేరింది. లక్ష్మీ నగర్‌లో పీజీ హాస్టల్లో ఉండేది. ఆసుపత్రి మొత్తంలో తెలుగు మాట్లాడేవాళ్లం మేమిద్దరమే. నేను ఇంటి నుంచి గోంగూర పచ్చడి తెస్తే మధ్యాహ్నం నా బల్ల దగ్గరికి వచ్చి తినేది. వార్డుల్లో గంటలు గంటలు కూర్చునేది. రోగులు చెప్పింది రాసుకోవడమే కాకుండా నమ్మేది కూడా. అది మా ఆసుపత్రిలో కొత్త.

ఒకరోజు భోజనానికి రాకుండా నేరుగా ఫైలు పట్టుకుని వచ్చింది.

"సార్, ఈ పెయింటరన్న ఫైల్ల ఒక కవరుంది. ఇప్పటిదాంక తెరవనే లేదు."

"అది వాపసొచ్చిందమ్మా. కోర్టు మారింది."

"వాపసొస్తే?"

"ఫైల్లో పెట్టాను."

"పెట్టి?"

నేను చెంచా కింద పెట్టాను. ఆమె నకలు తిప్పి నా వైపు జరిపింది. "మంచిగైండు, పంపియ్యున్రి అని డాక్టరమ్మ రాసింది సార్. నాలుగేండ్లాయె. ఆయన నాతోని రోజూ చెప్తున్నడు, నా గురించి ఉత్తరం పోయింది దీదీ, జవాబే రాలేదు అని. నేనేమో జబ్బుతోని అంటున్నడేమో అనుకున్న. ఆయన చెప్పిందే నిజమాయె."

ఆమె గొంతు పెంచలేదు. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి, ఆడిట్ అని, పని ఒత్తిడి అని. అరవలేదు కాబట్టి ఫైలు తీసుకుని లేచాను.

ఇద్దరం సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్లాం. ఆయన చెడ్డవాడేమీ కాదు. మా అమ్మ పోయినప్పుడు నెల రోజులు సెలవిచ్చిన మనిషి. అంతా విని, కళ్లజోడు తుడుచుకుని, దారి చెప్పాడు. ఇవాళే కొత్తగా పరీక్ష చేయిద్దాం, ఈ మధ్యే కోలుకున్నాడని రాద్దాం, కోర్టులో నేరం ఒప్పుకుంటే ఇప్పటిదాకా ఇక్కడున్న కాలమే శిక్షగా చాలంటారు, అదే రోజు ఇంటికి పోతాడు, అందరికీ మంచిది.

"నేరం ఒప్పుకుంటే దొంగ అని రాస్తారు కదా సర్?" అని ఆ అమ్మాయి హిందీలో అడిగింది. "ఆ రోజు తను ఏం చేస్తున్నాడో అతనికి తెలియదు. అది మన కాగితాల్లోనే ఉంది. బాగైన తర్వాత నాలుగేళ్లు ఎందుకు ఉంచామని కోర్టు అడగదా?"

"అడగకపోతే చెప్పక్కర్లేదు" అన్నాడాయన. ఆమె వెళ్లాక నన్ను ఆపి, మెల్లగా అన్నాడు. "ఫైలు కాస్త శుభ్రం చేయండి. పాత కాగితాలు అక్కర్లేనివి తీసేయండి."

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక కవరు, నకలు రెండూ తీసి నా సంచిలో పెట్టుకున్నాను. చింపలేదు. ఎందుకు చింపలేదంటే నిజాయితీ వల్ల అని చెప్పలేను. కాగితం చింపే అలవాటు నాకు లేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పది రోజుల పాటు ఆ సంచి రోజూ ఆఫీసుకు తెచ్చి, రోజూ ఇంటికి తీసుకెళ్లాను.

కోర్టు తేదీ వచ్చింది. ఆసుపత్రి తరఫున ఒక జూనియర్ డాక్టరు, ఫైలుతో నేను, పెయింటరుకు తోడుగా ఆ అమ్మాయి. బయట బెంచీ మీద అక్క కూర్చుని ఉంది. సెలవు పెట్టుకుని, ఉతికిన కొత్త చొక్కా ఒకటి తమ్ముడి కోసం తెచ్చింది. నన్ను చూసి లేచి నిలబడింది. ఆ లేవడం నేను తట్టుకోలేక ఎవరితోనో పని ఉన్నట్టు పక్కకు వెళ్లాను.

మేజిస్ట్రేట్ నడివయసు మనిషి. జలుబు చేసినట్టుంది, మాటిమాటికీ రుమాలు తీస్తున్నాడు. ఫైలు తిప్పి, జూనియర్ డాక్టర్ని అడిగాడు.

"ఎప్పటి నుంచి బాగున్నాడు?"

"ఈ మధ్యే కోలుకున్నాడు సర్."

"ఈ మధ్యే అంటే?"

డాక్టరు నా వైపు చూశాడు. అతనికి నిజంగానే తెలియదు. మేజిస్ట్రేట్ విసుగ్గా పెయింటరు వైపు తిరిగాడు. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అతన్నే అడిగిన మొదటి అధికారి ఆయనే అనుకుంటాను.

"నువ్వు చెప్పు. ఎప్పటి నుంచి బాగున్నావు?"

"సాబ్, నాలుగేళ్ల కిందట పెద్ద డాక్టరమ్మ నీకు నయమైందని చెప్పారు. మీకు ఉత్తరం రాశానన్నారు. తర్వాత ఏమైందో నాకు తెలీదు. బాబూజీకి తెలుసు." అని నా వైపు చెయ్యి చూపించాడు.

అందులో నిందేమీ లేదు. కాగితాల సంగతి కాగితాల ఆయనకు తెలుస్తుంది కదా అన్న నమ్మకం, అంతే. నింద ఉంటే తప్పించుకునే దారి వెతికేవాణ్ణేమో. నేను సంచిలోంచి కవరు తీసి గుమాస్తాకు ఇచ్చాను. నా వెనక ఆ అమ్మాయి ఊపిరి వదలడం వినిపించింది.

మేజిస్ట్రేట్ కవరును వెలుతురుకు పట్టి ముద్ర చూశాడు. ఎర్ర సిరా చదివాడు. తనే తెరిచి ఉత్తరం చదివాడు.

"ఇది వాపసు వచ్చాక మీరేం చేశారు?"

"ఫైల్లో పెట్టాను సర్."

"ఆ తర్వాత?"

"ఏమీ చేయలేదు సర్."

"ఆ తర్వాత మాకు వచ్చిన నివేదికలు ఎవరు తయారు చేశారు?"

"నేనే సర్. పాతవి చూసి టైపు చేశాను."

టైపిస్టు వేళ్లు ఆగాయి. మేజిస్ట్రేట్ అతని వైపు చూసి, "రాసుకోండి, అన్నది అన్నట్టు" అన్నాడు. టకటకలు మళ్లీ మొదలయ్యాయి. నేను అన్న మాట యంత్రం మీద పడుతుంటే వినడం అదే మొదటిసారి.

విచారణ ఒక పూటలో తేలలేదు. స్కూటరు యజమాని వచ్చి, బండి అదే రోజు క్షేమంగా దొరికిందని, తనకు ఫిర్యాదు లేదని చెప్పాడు. మొదటి ఏడాది డాక్టర్లు రాసిన కాగితాలన్నీ నా దగ్గర భద్రంగానే ఉన్నాయి, ఇచ్చాను. మూడో వాయిదాలో మేజిస్ట్రేట్ తీర్పు చదివాడు. ఆ సాయంత్రం తనేం చేస్తున్నాడో ఇతనికి తెలిసే స్థితి లేదు కాబట్టి ఇది నేరం కాదు. అక్క పూచీ మీద ఇవాళే వెళ్లవచ్చు. చివర్లో, "ఏమైనా చెప్పుకుంటావా?" అని అడిగాడు. మాట వరసకు అడిగాడు. రుమాలు తీసుకుంటున్నాడు కూడా.

పెయింటరు ఒక అడుగు ముందుకు వేశాడు.

"చెప్తాను సాబ్. బండి తీసుకున్నది నేనే. నాదనుకున్నాను. ఆయన ఇంటికి ఎలా వెళ్లి ఉంటారో ఆ రోజు అని తర్వాత చాలా అనుకున్నాను. ఆ మాట ఆయనకు చెప్పాలని, నన్ను కోర్టుకు తీసుకెళ్లండి అని వార్డులో అందరినీ అడిగాను. కోర్టంటే నీకేం తెలుసు, పడుకో అనేవాళ్లు."

స్కూటరు యజమాని గోడ పక్కన నిలబడి ఉన్నాడు. ముసలాయన. "నడిచి వెళ్లాను భాయ్, ఎంతో దూరం కాదులే" అన్నాడు. ఎవరో నవ్వారు. మేజిస్ట్రేట్ నవ్వలేదు. ఆ మాటలు కూడా రాసుకోమన్నాడు.

బయట మెట్ల దగ్గర అక్క తమ్ముడికి కొత్త చొక్కా తొడిగింది. ఒంటికి వదులైంది. తొమ్మిదేళ్ల కిందటి కొలత మనసులో పెట్టుకుని తెచ్చినట్టుంది. నేను దగ్గరికి వెళ్లి చేతులు జోడించాను. ఏం చెప్పాలో ముందే అనుకున్నాను, హిందీలో వరసగా కూర్చుకున్నాను. రెండు మాటలయ్యేసరికి ఆమె ఆపింది.

"మీరు నిజమే చెప్పారు బాబూజీ. కోర్టు నుంచి ఏమీ రాలేదు. మీ దగ్గర నుంచే వెళ్లలేదు." అంతే అంది. తమ్ముడి చెయ్యి పట్టుకుని ఆటో వైపు నడిచింది. క్షమించినట్టు నేను అనుకోలేదు. ఎందుకు క్షమించాలి?

నాకు మెమో వచ్చింది, సర్వీసు పుస్తకంలో ఒక పేరా రాశారు. సూపరింటెండెంట్ నాతో మాట్లాడటం తగ్గించాడు. ఆ అమ్మాయి కాంట్రాక్టు గడువు తీరితే పొడిగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, ఆమె అడగలేదు. చివరి రోజు నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. లా చదువుతానంది. మంచిదమ్మా అన్నాను.

"మిగిలిన ఫైళ్లు చూసిన్రా సార్?"

"చూస్తానమ్మా."

"మూసేసినయి గూడ చూడున్రి."

ఆమె వెళ్లాక చూశాను. కోర్టు పంపిన వాళ్ల ఫైళ్లు అప్పటికి పద్నాలుగు నడుస్తున్నాయి. వాటిలో ఇంకొకటి దొరికింది. అదీ పాత చిరునామాకు పోయి వచ్చిన కవరే. ఈసారి నేనే రెండు బస్సులు మారి కొత్త కోర్టుకు వెళ్లి, చేత్తో ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను. అతను మూడు నెలల్లో బయటికి వెళ్లాడు. దీన్నీ నా ఖాతాలో మంచిగానే రాశారు అందరూ. చాలామంది కుర్రవాళ్లకు ఈ రెండు కథలూ చెప్పాను. ఇక్కడితో ఆపేవాణ్ణి.

మూసిన ఫైళ్ల అరలో మూడో కవరు ఉంది. గొడవలో ఎవరి మీదో రాయి విసిరిన కేసులో వచ్చిన ఒక పెద్దాయనది. అతనూ కోలుకున్నాడని డాక్టరమ్మ అదే వారంలో రాసింది. అదే ఎర్ర సిరా, నేను చేసిన అవే రెండు చిల్లులు. అతని కోసం కిటికీ దగ్గరికి వచ్చి అడిగిన మనిషి ఎవరూ లేరు. కవరు వచ్చిన తర్వాత రెండు చలికాలాలు మా వార్డులోనే బతికి, న్యుమోనియాతో అక్కడే పోయాడు. ఫైలు మీద 'మరణించినందున ముగించబడినది' అని రాసింది నా చేతిరాతే.

సూపరింటెండెంటుకు చెప్పలేదు. కోర్టుకు రాయలేదు. ఆ అమ్మాయి తర్వాత రెండుసార్లు ఫోన్ చేసింది, మూసిన ఫైళ్లు చూశారా అని అడిగింది. చూశానమ్మా, ఏమీ లేవు అన్నాను. ఆమె నమ్మింది. ఆమె మనుషుల మాట నమ్ముతుంది, ముందే చెప్పాను కదా. ఇన్నేళ్ల తర్వాత ఈ సంగతి మొదటిసారి చెప్పడం ఇప్పుడే.

ఆ రోజు ఆ కవరును చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఫైల్లో ఎలా ఉందో అలాగే కట్టి, అరలో దాని చోట దాన్ని పెట్టి, చేతులు కడుక్కుని భోజనానికి వెళ్లాను.